మా బంగారం కనబడుట లేదు

హైదరాబాదు పడమటివైపు ఏ గేటెడ్ కమ్యూనిటీ లిఫ్టు ఎక్కినా ఈమధ్య ఒక పోస్టరు తప్పడం లేదు. 'కనబడుట లేదు. పేరు సింబా. వయసు పది నెలలు. తెల్లటి ఒళ్ళు, నల్ల తోక. చాలా అమాయకుడు. బయటి ప్రపంచం తెలియదు. ఆచూకీ తెలిపినవారికి రూ. 10,000.' కింద రంగుల ఫొటో. అందులో సింబా బాబు పుట్టినరోజు టోపీ పెట్టుకుని, తనకి జరుగుతున్న అన్యాయాన్ని కెమెరాకి విన్నవించుకుంటూ ఉంటాడు.

పోస్టరులోకి ఎక్కని సంగతులు కొన్ని ఉంటాయి. ఈ అమాయకుడు నెలరోజులుగా సోఫా మూలకి వీపు తిప్పి, తోక నిటారుగా లేపి, దాని కొసను వణికిస్తూ గోడ మీదకి పిచికారీ కొడుతున్నాడని రాయరు. ఆ కంపు పోవడానికి ఇంటివాళ్ళు పూటకో కట్ట అగరొత్తులు వెలిగిస్తుంటే ఎదురింటివాళ్ళు వీళ్ళకి భక్తి ముదిరిందనుకున్నారనీ రాయరు. పక్క బ్లాకు వాటర్ ట్యాంకు మీదనుంచి రాత్రుళ్ళు ఎవరో పసిపాప గొంతుతో పిలుస్తున్నారనీ, ఆ పిలుపు చెవినపడ్డ రాత్రే బాబు బాల్కనీ దోమతెర చీల్చాడనీ అసలే రాయరు. పది నెలల మగపిల్లంటే మన లెక్కలో మీసం వచ్చిన కుర్రాడు. వాడు తప్పిపోలేదండీ, పనుండి వెళ్ళాడు.

ఇక వెతుకులాట. ఇంట్లో ఎవరికి చేతనైన చోట వాళ్ళు వెతుకుతారు. కొడుకు వాట్సాప్ గ్రూపుల్లో వెతుకుతాడు. ఆ మెసేజి చేతులు మారి డాలస్‌లో ఉన్న పిన్నిదాకా వెళితే, ఆవిడ అర్ధరాత్రి ఫోన్ చేసి 'దొరికాడా నాన్నా?' అని ఏడుస్తుంది. కోడలు ఇన్‌స్టాగ్రాంలో ఒక పెట్ కమ్యూనికేటర్‌ని పట్టుకుంటుంది. ఆ మహాతల్లి ఫొటో తీసుకుని, కళ్ళు మూసుకుని దాన్ని చూసి, 'నీళ్ళకి దగ్గర్లో ఉన్నాడు, మీరు గుర్తొస్తున్నారట' అని చెప్పి ఫీజు పుచ్చుకుంటుంది. ఇన్ని చెరువులున్న ఊళ్ళో నీళ్ళకి దగ్గర్లో లేనివాడెవడు? మామగారు ప్రశ్న అడిగించుకొస్తారు: తూర్పు దిక్కు, మూడు రోజుల్లో శుభవార్త. అత్తగారు పోయిన వస్తువు దొరకడానికి చదివే కార్తవీర్యార్జున మంత్రం అందుకుంటారు. వెయ్యి చేతులున్న ఆ మహారాజు మీద భారం వేసేశాక, రెండు చేతులూ రెండు మోకాళ్ళూ ఉన్నవాళ్ళెవరూ సెల్లార్లోకి దిగి కారు కింద వంగి చూడరు.

చూడాల్సింది అక్కడే. తప్పిపోయిన 1,210 పిల్లుల సంగతులు యజమానుల దగ్గర సేకరించి 2018లో ఒక అధ్యయనం అచ్చువేశారు. దొరికిన పిల్లుల్లో నూటికి 75 తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే ఉన్నాయి. మొత్తంలో మూడోవంతు మొదటి వారంలోనే దొరికాయి. మూడు నెలలు దాటాక ప్రాణాలతో దొరికినవి బహు తక్కువ. బతికుండగా దొరికే అవకాశాన్ని పెంచిన పద్ధతి ఏమిటయ్యా అంటే, చెప్పులేసుకుని వెళ్ళి స్వయంగా వెతకడం. బెదిరిన పిల్లి యజమాని గొంతుకి కూడా పలకదు. పదిమంది చేరి 'సింబా, సింబా' అని ఊరేగింపు తీస్తే ఇంకో మూలకి జరుగుతుంది. రొద సద్దుమణిగిన అర్ధరాత్రి ఒక్క మనిషి, టార్చిని తన కంటి పక్కనే పెట్టుకుని, జనరేటరు వెనకా, మెట్ల కింద పడేసిన పరుపుల మధ్యా, ఎవరూ తాళం తీయని స్టోరురూములోనూ వెలుగు వేస్తే, పిల్లి పలక్కపోయినా దాని కళ్ళు పలుకుతాయి.

ఈ చదువంతా లేకపోయినా ఫరవాలేదు, వాచ్‌మన్‌ని అడగొచ్చు. ఎవరూ అడగరు గనక అతను చెప్పడు. అడిగితే బీడీ ఆర్పి, "తెల్లదా సార్? నల్ల తోకది? బీ బ్లాక్ మోటార్ రూం కాడుంటది. ఆడ దానికి సంసారమున్నది" అంటాడు. పోస్టరులో ఉన్న పదివేలు మాత్రం అతనికి ముట్టవు. డ్యూటీలో భాగమే కదా అని అయిదొందలు చేతిలో పెడతారు.

బాబు ఇంటికొస్తాడు. చెవి చీలి, బుగ్గ మీద నిమ్మకాయంత వాపుతో, సగం ఒళ్ళు ఎక్కడో పారేసుకుని వస్తాడు. గుమ్మంలోనే ఎర్రనీళ్ళతో దిష్టి తీసి లోపలికి తీసుకెళ్తారు. మర్నాడు వెటర్నరీ డాక్టరు ఆ వాపుని కోసి చీము తీస్తాడు. మగపిల్లుల కొట్లాటలో పడిన కాటు పైకి చిన్న చిల్లులా కనిపించి లోపల చీముపడుతుంది. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తినేసే ఎఫ్ఐవీ వైరస్ ముఖ్యంగా పాకేది కూడా ఆ కాటు ద్వారానే. ఇదంతా చెప్పి డాక్టరు, ఆపరేషన్ చేయించెయ్యండి, తిరుగుళ్ళు, తన్నులాటలు, గోడలు తడపడం చాలావరకు తగ్గిపోతాయి అంటాడు.

అప్పుడు చూడాలి ఆ ఇంటి మగవాళ్ళ మొహాలు! టేబులెక్కి పడుకోమన్నది తమనే అయినట్టు కాళ్ళు దగ్గరికి తీసుకుంటారు. "పాపం అండీ డాక్టరుగారూ, వాడికీ కోరికలుంటాయి కదా!" "ప్రకృతికి విరుద్ధం అండీ." "వాడి మగతనం..."

ఏమిటి, ప్రకృతా? ఈ మాట ఏ నేల మీద నిలబడి అంటున్నామో కాస్త చూసుకోవద్దూ? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని కనే వయసులో ఉన్న వివాహితల్లో దాదాపు 70 శాతం మందికి ట్యూబెక్టమీ అయిపోయింది. తెలంగాణలో 60 శాతం పైమాటే. ఆంధ్రలో వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్ళు ఒక్క శాతం కూడా లేరు. మన ఇళ్ళలో ఆ సంగతి చెప్పుకునే తీరు కూడా వినండి: 'రెండో కాన్పుతోపాటే చేయించేశాం.' చేయించేశాం! గ్యాస్ కనెక్షన్ బదిలీ చేయించినట్టు. ఇరవై మూడేళ్ళ కోడలికి చేయించేసిన రోజున ఈ ప్రకృతి ఏ ఊరు వెళ్ళిందో. ముగ్గురు పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడటానికి వీల్లేదని 1994 చట్టంలో రాసుకుని, ఆంధ్రప్రదేశ్‌లో 2024 దాకా దాన్ని మోశాం. అప్పుడూ ప్రకృతి అభ్యంతరం చెప్పలేదు. మగపిల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి గొంతు లేచింది.

ఆ క్లినిక్కులో బుట్ట పట్టుకుని నిలబడ్డ అత్తగారు ఇదంతా విని ఒక్క మాట అంటుంది. "చేయించెయ్యరా. నాకు చేయించినప్పుడు మీ నాన్న ఇంత బాధపడలేదు."

ఆడపిల్లి ఉన్న ఇళ్ళలో వాదన ఇంకో దారిన వస్తుంది. ఒక్క కాన్పు కానివ్వండి, తల్లి కావడం దాని హక్కు, పైగా ఒంటికి మంచిది. ఈ 'ఒంటికి మంచిది' ఏ వైద్యుడి నోట పుట్టిందో గానీ, వాస్తవం దీనికి తలకిందులుగా ఉంది. ఆరు నెలల లోపు ఆపరేషన్ అయిన ఆడపిల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు 90 శాతం దాకా తగ్గుతుంది. పిల్లులకి రొమ్ములో గడ్డ వస్తే అది చాలావరకు ప్రాణాంతకమైన రకమే. మన ట్యూబెక్టమీలో గొట్టాలు మాత్రమే కడతారు. పిల్లికి అండాశయాలు, గర్భసంచీ రెండూ తీసేస్తారు కాబట్టి ఎదకు రావడమే ఉండదు, గర్భసంచిలో చీముపట్టే జబ్బూ ఉండదు.

ఎదకొచ్చిన పిల్లిని మొదటిసారి చూసినవాళ్ళు హడలిపోతారు. ముందరి మోచేతులు నేలకి ఆన్చి, నడుము పైకెత్తి, తోక ఒక పక్కకి తప్పించి, వెనక కాళ్ళతో ఉన్నచోటే తొక్కుతూ, గొంతు చించుకుంటుంది. ఒకరు కడుపునొప్పంటారు, వాము నూరతారు. ఒకరు దిష్టంటారు, ఎండు మిరపకాయలు తిప్పుతారు. అది నాలుగైదు నెలల కూనైనా కావచ్చు. మన దృష్టిలో ఇంకా పాలుగారే పసిది. జత దొరక్కపోతే రెండు మూడు వారాల్లో మళ్ళీ అదే కచేరీ. పగలు ఎక్కువున్న కాలంలో పిల్లులు ఎదకొస్తాయంటారు. హైదరాబాదులో డిసెంబరు పగలే పదకొండు గంటలు. ఇక వాటికి సెలవెక్కడిది? కొందరు, 'మేం ట్రెయినింగ్ ఇస్తున్నాం, బయటికి పోదు' అంటారు. తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి పాలంటే భయం నేర్పాడని కథ ఉంది గానీ, ఈ విద్య ఆయన కూడా ప్రయత్నించినట్టు లేదు.

పోయొస్తుంది. తొమ్మిది వారాల్లో బట్టల అలమారాలో, పట్టుచీరల అరలోనే, నాలుగు కూనలు. ఒకటి ఎర్రది, ఒకటి చారలది, రెండు తెల్లవి. ఒకే కాన్పులో వేర్వేరు తండ్రుల పిల్లలు పుట్టడం పిల్లుల్లో మామూలే. ఇంటిల్లిపాదీ మురిసిపోతుంది. బాలసారె రీల్స్ పెడతారు. ఆ మురిపెం రెండు నెలలు ఉంటుంది. కూనలు కర్టెన్లెక్కే వేళకి తల్లి మళ్ళీ చూలాలు. పాలిస్తూండగానే కడుపు రావచ్చని ఆ ఒక్క కాన్పు సిద్ధాంతి చెప్పలేదు మరి.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. అపార్ట్‌మెంటులో ఆ శ్రమ యజమానిదే. మొదటి ఇల్లు ఆఫీసులో మొహమాటస్తుడు. రెండో ఇల్లు పనిమనిషి. 'తీసుకెళ్ళమ్మా, ఎలుకలు పోతాయి' అని బలవంతంగా అంటగట్టడం. మూడో ఇల్లు 'మంచి మనసున్నవాళ్ళకే, ఉచితంగా' అనే మెసేజి. నాలుగు, అయిదు, ఆరు చెప్పుకోవడం అనవసరం. ఏడో ఇల్లు చేపల మార్కెట్. చీకటితో అట్టపెట్టె దింపి, 'ఇక్కడైతే తిండికి లోటుండదు' అని తమకి తామే చెప్పుకుని కారెక్కుతారు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని పెద్దలు పెట్టారు. అట్టపెట్టెలో పెట్టి వదిలేస్తే ఎన్ని తులాలో పెట్టలేదు. చట్టం మాత్రం పెట్టింది. ఆకలితో మాడేట్టు జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో నేరమే. మొదటి తప్పుకి జరిమానా పది రూపాయలనుంచి యాభై దాకా. వాచ్‌మన్‌కి ఇచ్చినదాంట్లో పదో వంతు.

ఆపరేషన్ పక్షంవాళ్ళూ తక్కువ తినలేదు. ఒక జంట పిల్లులు ఏడేళ్ళలో 4,20,000 అవుతాయని వాళ్ళ పోస్టర్లు. ఆ లెక్క ప్రకారం ఈపాటికి మనం పిల్లుల ఇళ్ళలో అద్దెకుండాలి. అంతెందుకు కావో తెలిస్తే మాత్రం నవ్వు రాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో వీధిపిల్లుల కూనల్ని వెంబడించి చూస్తే, నూటికి 75 ఆరు నెలలు నిండకుండానే చచ్చిపోయాయి, లేదా జాడలేకుండా పోయాయి. ఆపరేషన్ వద్దన్నప్పుడు మనం గౌరవించే ప్రకృతి చేసే కుటుంబ నియంత్రణ ఇదీ. దానికి మత్తుమందు ఉండదు.

పర్షియన్ పిల్లులవాళ్ళ ధోరణి ఇంకొకటి. వాళ్ళది ప్రేమా కాదు, జాలీ కాదు, సంబంధాలు కుదర్చడం. 'మా అబ్బాయి డాల్ ఫేస్, కళ్ళు నీలం, తగిన అమ్మాయి కావలెను, కూనల్లో సగం మాకు.' ఇదీ ప్రకటన. ఒంటి రంగూ, జుట్టు పొడవూ చూస్తారు. పర్షియన్లలో మూత్రపిండాలనిండా నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు ఎక్కువ, దానికి డీఎన్ఏ పరీక్ష ఉంది, అది చేయించారా అని మాత్రం ఎవరూ అడగరు. మన పెళ్ళిచూపుల్లో అడుగుతున్నామా ఏమిటి?

ఒక్క అభ్యంతరం మాత్రం నిజం. ఆపరేషనయ్యాక పిల్లి లావెక్కుతుంది. ఒంటికి కావలసిన తిండి తగ్గుతుంది, ఆకలి తగ్గదు. గిన్నె నింపేది మీరే గనక కొలిచి పెట్టండి.

ఆపరేషన్ రోజు డాక్టరు చెప్పిన గంటలు కడుపు మాడ్చి తీసుకెళ్తే, అంతా సవ్యంగా ఉంటే సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు. ఆడపిల్లికి కుట్లు నాక్కోకుండా మెడకి కాలరు కడతారు. మగపిల్లికి చాలాచోట్ల కుట్లు కూడా వెయ్యరు. పోస్టరులో ప్రకటించిన పదివేలు చాలాచోట్ల ఈ ఖర్చుకి సరిపోగా మిగులుతాయి. అయితే అయ్యలారా, పనైపోయిందని ఆ సాయంత్రమే బాల్కనీ తలుపు తీసేయకండి. లోపల మిగిలిన సరుకుతో మగపిల్లికి కొన్ని వారాలపాటు తండ్రయ్యే యోగం ఉంటుంది. నాన్నగారు జాలిపడి గొళ్ళెం తీసే మనిషి గనక, నెల తిరిగేదాకా ఆ తలుపు తాళంచెవి అత్తగారి కొంగుకి కట్టి ఉంచండి.