గురువుగారి డెస్క్‌టాప్‌కు దారి

స్క్రిప్టింగ్ నేర్చుకునే తెలుగు పిల్లాడికి ప్రోగ్రాము రాయడం వస్తుందో రాదో గానీ, గురువుగారి ల్యాప్‌టాప్ భూగోళం మాత్రం కంఠతా వచ్చేస్తుంది. సి డ్రైవ్‌లో యూజర్స్, యూజర్స్‌లో లెనోవో, లెనోవోలో డెస్క్‌టాప్, డెస్క్‌టాప్ మీద న్యూ ఫోల్డర్ (2), అందులో ఫైనల్, దాని లోపల ఫైనల్ ఫైనల్, ఆ గర్భగుడిలో వెలసిన శాంపుల్ డాట్ టెక్స్‌ట్. నూరుమంది పిల్లలు, నూరు ల్యాప్‌టాప్‌లు, అందరి ప్రోగ్రాముల్లోనూ ఇదే క్షేత్రమాహాత్మ్యం.

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల మెట్లెక్కి ఏ కోచింగ్ గదిలోకి తొంగిచూసినా వేరియబుల్ పాఠం రెండో రోజుకే అయిపోయి ఉంటుంది. ఎ విలువ 10, బి విలువ 20, రెండూ కూడండి. పేరు రవి, వయసు 25. ఆ తరవాత బారువడ్డీ, చక్రవడ్డీ, వృత్త వైశాల్యం. "మారే విలువ ఏదైనా సరే వేరియబుల్‌లో పెట్టాలి తమ్ముడూ" అని సూత్రం చెప్పి, మరుక్షణమే 3.14ని తీసుకెళ్లి వేరియబుల్‌లో పెడతారు. సృష్టి పుట్టినప్పటి నుంచీ మారనిది, ఇక మారబోనిది అదొక్కటే పాపం. ఇంకో వారానికి ఫైళ్ల పాఠం వస్తుంది. ఏ ఇద్దరి కంప్యూటర్లలోనూ ఒక్కలా ఉండనిది ఏదయ్యా అంటే ఫైల్ ఉండే దారి. దాన్ని మాత్రం కొటేషన్ల మధ్య శిలాశాసనంలా చెక్కుతారు. వేరియబుల్ పాఠానికీ ఫైల్ పాఠానికీ మధ్య ఏడు రోజుల ఎడం ఉంది. ఆ ఇద్దరికీ పరిచయం చేయాలన్న ఆలోచన సిలబస్ రాసినవాడికి కలగలేదు.

"సార్, ఫైల్ నాట్ ఫౌండ్ అంటోంది సార్."

"నాకు వస్తోంది కదమ్మా. నీ సిస్టమ్‌లోనే ఏదో ప్రాబ్లమ్."

"నా సిస్టమ్‌లో లెనోవో అనే యూజర్ లేడు సార్. నాది హెచ్‌పీ."

"అయితే లెనోవో అని ఒక ఫోల్డర్ క్రియేట్ చేసుకోమ్మా. అదే వస్తుంది."

ఆ అమ్మాయి చేసుకుంటుంది కూడా. డెస్క్‌టాప్, న్యూ ఫోల్డర్ (2), ఫైనల్, ఫైనల్ ఫైనల్, అన్నీ వరసగా ప్రతిష్ఠించి, చివరికి ఫైల్ తెరుచుకోగానే చప్పట్లు. గురువుగారి గజిబిజిని తన ఇంట్లో అచ్చుగుద్దినట్టు కట్టుకోవడాన్ని ఆ గదిలో ప్రాక్టికల్స్ అంటారు.

ఫైల్ తెరుచుకున్నవాళ్లు అదృష్టవంతులు. పైథాన్ 3లో ఆ శాసనాన్ని ఉన్నది ఉన్నట్టు రాసినవాడి ప్రోగ్రాము అసలు మొదలే కాదు. యూనికోడ్ ఎర్రర్ అంటూ ఎర్ర అక్షరాలు కక్కుతుంది. కారణం సూటిగా ఉంది. పైథాన్‌లో మామూలు కొటేషన్ల మధ్య బ్యాక్‌స్లాష్‌కు సొంత అర్థాలున్నాయి. దాని పక్కన పెద్ద యు కనిపిస్తే, ఆ వెనక 8 అంకెల యూనికోడ్ సంఖ్య వస్తుందని పైథాన్ ఎదురుచూస్తుంది. సంఖ్యకు బదులు యూజర్స్ అనే మాటలోని మిగతా అక్షరాలు వస్తాయి. దాంతో బేరం అక్కడే చెడుతుంది. ఇది నయం, కనీసం అరుస్తుంది. దారిలో యూజర్స్ లేకుండా, సి డ్రైవ్‌లోనే ఫోల్డర్ పేరు చిన్న ఎన్‌తో 'న్యూ' అనీ, లోపలిది చిన్న టితో 'టేబుల్స్' అనీ ఉంటే ఆ అరుపులుండవు. బ్యాక్‌స్లాష్ ఎన్ కొత్త లైను అవుతుంది, బ్యాక్‌స్లాష్ టి ట్యాబ్ ఖాళీ అవుతుంది. మధ్యలో లైను విరిగిన పేరుతో ఏ ఫైలూ ఉండదు. కళ్లెదుట కనిపిస్తున్న ఫైల్‌ను కంప్యూటర్ తెరవనంటోందని పిల్లాడు తన కళ్లనే అనుమానిస్తాడు.

అడిగితే దొరికే వైద్యం ఒకటే: "కొటేషన్ ముందు చిన్న ఆర్ పెట్టు." ఎందుకు సార్? "పెట్టాలంతే." అప్పటి నుంచి ఆ పిల్లాడు అవసరం ఉన్నచోటా లేనిచోటా ఆర్‌ను తాయెత్తులా కడుతూనే ఉంటాడు. ఆ బ్యాక్‌స్లాష్ అసలు కథ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. డాస్ మొదటి వెర్షన్‌లో ఫోల్డర్లే లేవు. 1983లో వచ్చిన ఎంఎస్ డాస్ 2.0 వాటిని తెచ్చింది. అప్పటికే ముందుకు వాలిన స్లాష్‌ను కమాండ్లకు ఆప్షన్లు ఇచ్చేందుకు వాడేసుకున్నారు కాబట్టి, దారి రాయడానికి వెనక్కి వాలిన గీతే మిగిలింది. యూనిక్స్ వాళ్లు అంతకు ముందే ముందు స్లాష్‌తో దారి వేసుకుని, వెనక స్లాష్‌కు వేరే ఉద్యోగం ఇచ్చారు. ఆ రెండిళ్ల పాత తగువు ఈ పిల్లాడి స్క్రీన్ మీద నేటికీ నడుస్తోంది. ఇంకో విశేషం: పైథాన్‌లో ముందు స్లాష్‌తో దారి రాసినా విండోస్ మారుమాట లేకుండా ఫైల్ తెరుస్తుంది. ఈ రహస్యం ఫీజు మొత్తం కట్టినవాళ్లకు కూడా చెప్పరు.

ఇక లినక్స్ బ్యాచ్ సంగతి. వీళ్లు జ్ఞానులు, డాలర్ గుర్తు తెలిసినవాళ్లు. "మేం వేరియబుల్స్ వాడతాం" అని విండోస్ బ్యాచ్ వైపు జాలిగా చూస్తారు. వీళ్ల జ్ఞానం ఎంతదూరం పోయిందో కాస్త దగ్గరగా చూద్దాం. బేస్ అనే వేరియబుల్‌లో ఫోల్డర్ దారి పెడతాడు. దాని చివర అండర్‌స్కోర్ బ్యాకప్ అని తగిలించాలని $బేస్_బ్యాకప్ అని రాస్తాడు. కమాండ్లు చదివి నడిపే షెల్‌కు అండర్‌స్కోర్ కూడా పేరులో భాగమే. అది బేస్ కోసం వెతకదు, బేస్_బ్యాకప్ అనే కొత్త మనిషి కోసం వెతుకుతుంది. అలాంటివాడు లేడు. లేడని చెబుతుందా? చెప్పదు. ఆ చోటును ఖాళీగా వదిలేసి ముందుకు పోతుంది. బేస్ అనే పేరు చుట్టూ ఫ్లవర్ బ్రాకెట్లు పెడితే సరిపోయేది. పెట్టమని పుస్తకంలో ఉంటుంది, బోర్డు మీద ఉండదు. ఇంకొకడు అదే దారిని సింగిల్ కొటేషన్ల మధ్య రాస్తాడు. అక్కడ డాలర్‌కు విలువ లేదు. దానితో నిజంగానే డాలర్ బేస్ అనే పేరుతో ఒక ఫోల్డర్ పుట్టుకొస్తుంది. దాన్ని తీసేయడమెలాగో తెలియక పక్కన పెట్టుకుని కాపురం చేస్తాడు.

వీళ్లందరిలో శిఖరాగ్రం మరొకడు. దారి కదా, దారికి ఇంగ్లిష్‌లో పాత్ కదా అని తన వేరియబుల్‌కు అన్నీ పెద్దక్షరాలతో 'పాత్' అనే పేరు పెడతాడు. కమాండ్లు ఏయే ఫోల్డర్లలో ఉన్నాయో షెల్ చూసుకునేది సరిగ్గా ఆ పేరుగల వేరియబుల్‌లోనే. ఇప్పుడందులో మనవాడి ప్రాజెక్టు ఫోల్డర్ ఒక్కటే మిగిలింది. ఎల్‌ఎస్ కొడితే కమాండ్ నాట్ ఫౌండ్. క్యాట్ కొడితే అదే మాట. సీడీ ఒక్కటి పనిచేస్తుంది, అది షెల్‌లోనే పుట్టింది కాబట్టి. ఎక్కడికైనా వెళ్లొచ్చు, వెళ్లినచోట ఏముందో చూడలేడు. ఆ విండో మూసి మళ్లీ తెరిస్తే సరిపోయే గండానికి మనవాడు ఉబుంటు మొత్తం తీసేసి మళ్లీ ఎక్కిస్తాడు. మ్యాక్ కొన్న శ్రీమంతులు నవ్వక్కర్లేదు. 2019 నుంచి మ్యాక్‌లో మామూలుగా వచ్చే షెల్ జెడ్‌షెల్. అందులో చిన్నక్షరాల పాత్ కూడా పెద్దక్షరాల పాత్‌కు కవల సోదరుడే. దేన్ని ముట్టుకున్నా ఇద్దరూ పోతారు.

ఇలా తయారైన సరుకంతా ఉద్యోగాల్లో చేరుతుంది. ప్రతి కంపెనీలోనూ ఒక సురేశ్ ఉంటాడు. స్క్రిప్టులన్నీ ఆయనే రాశాడు. ప్రతిదాంట్లోనూ స్లాష్ హోమ్ స్లాష్ సురేశ్ అని ఉంటుంది. ఆయన ఎప్పుడో టొరంటో వెళ్లిపోయి అక్కడ గుమ్మం ముందు మంచు ఎత్తిపోసుకుంటున్నాడు. ఇక్కడ ఆయన హోమ్ ఫోల్డర్ మాత్రం కంపెనీని ఏలుతోంది. జీతాల ఫైల్ అందులోంచే పోవాలి, రిపోర్టు అందులోకే రావాలి. ఆ ఖాతా తీసేసే ధైర్యం ఐటీ విభాగంలో ఎవరికీ లేదు. ఆడిట్ వాళ్లు అడిగితే సర్వీస్ అకౌంట్ అని చెబుతారు.

ఒకరోజు కొత్తగా చేరిన కుర్రాడు దీక్ష పట్టి సురేశ్‌నంతా బేస్ అనే వేరియబుల్‌గా మారుస్తాడు. మెచ్చుకోవాల్సిన పనే. ఆ వేరియబుల్‌ను తన షెల్ తెరుచుకోగానే చదివే బాష్ ఆర్‌సీ ఫైల్లో పెట్టుకుంటాడు. తాను కూర్చుని నడిపినంతసేపూ అద్భుతంగా నడుస్తుంది. రాత్రి రెండింటికి, చెప్పిన వేళకు స్క్రిప్టులు నడిపే క్రాన్ దాన్ని నడుపుతుంది. క్రాన్ ఆ బాష్ ఆర్‌సీని చదవదు. చేతిలో నాలుగు వేరియబుల్స్‌తో బతికే పేదది అది. బేస్ ఖాళీ. బేస్ తరవాత స్లాష్, స్లాష్ తరవాత డేటా. ముందుది మాయమైతే మిగిలింది స్లాష్ డేటా, అంటే డిస్కు మూలం నుంచి మొదలయ్యే దారి. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం షెల్. ఎద్దు ఎలా ఈనిందని అడగదు. ఆ లైనులో ఉన్నది కాపీ కమాండ్ అయితే పొద్దున ఒక మెయిల్‌తో పోతుంది. తుడిచేసే కమాండ్ అయితే పోయేది మెయిల్ కాదు.

ఇదంతా నేర్చుకునేవాళ్ల తంటా, పెద్దవాళ్లకు ఇలాంటివి జరగవు అనుకునేవారు 2015 జనవరి గుర్తు చేసుకోవాలి. వాల్వ్ కంపెనీ ఆటల దుకాణం స్టీమ్‌కు లినక్స్‌లో నడిచే షెల్ స్క్రిప్ట్ ఒకటుంది. స్టీమ్ ఏ ఫోల్డర్‌లో ఉందో అది ముందు కనుక్కుని స్టీమ్‌రూట్ అనే వేరియబుల్‌లో పెట్టుకుంటుంది. మరోచోట ఆ స్టీమ్‌రూట్ తరవాత స్లాష్, స్లాష్ తరవాత నక్షత్రం గుర్తు పెట్టి, అక్కడున్నదంతా అడగకుండా తుడిచెయ్యమని ఆజ్ఞ. ఒక వాడుకరి స్టీమ్ ఫోల్డర్‌ను వేరేచోటికి మార్చుకున్నాడు. ఫోల్డర్ కనుక్కునే లైను విఫలమైంది, వేరియబుల్ ఖాళీగా మిగిలింది. ఇక మిగిలింది స్లాష్, నక్షత్రం. ఆ మనిషికి తుడిచే హక్కున్న ఫైళ్లన్నీ పోయాయి. తగిలించి ఉన్న బయటి డిస్కులోని బ్యాకప్ కూడా పోయింది. ఆ లైనుకు సరిగ్గా పైన, రాసినవాడే పెట్టిన వ్యాఖ్య ఒకటి ఉంది: 'స్కేరీ!' భయం వేసింది, భయాన్ని కామెంట్‌గా రాసుకున్నాడు, కింద లైను అలాగే ఉంచి ఇంటికి వెళ్లాడు. వేరియబుల్ ఖాళీగా ఉందా అని అడిగే ఒక్క లైనుకు మాత్రం తీరిక దొరకలేదు. భక్తి ఉంది గానీ పూజ లేదు.

అంతకు ముందు 2001 నవంబర్‌లో యాపిల్ వారి ఐట్యూన్స్ 2.0 ఇన్‌స్టాలర్ ఇంకో రకం ఘనకార్యం చేసింది. పాత ఐట్యూన్స్‌ను తుడిచే లైనులో దారి తాలూకు వేరియబుల్ చుట్టూ కొటేషన్లు లేవు. డిస్కు పేరులో స్పేస్ ఉంటే షెల్ ఆ దారిని రెండు ముక్కలు చేసింది. మొదటి ముక్క ఏ డిస్కు మీద పడితే అక్కడ ఊడ్చేసింది. కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుని 2.0.1ను బయటికి తెచ్చింది. ఆ ఇన్‌స్టాలర్ రాసినవాడు అమీర్‌పేట మెట్లు ఎక్కి ఉండడు. అయినా ఆ రెండు కొటేషన్ల పాఠం అతను చదివినచోటా చెప్పినట్టు లేరు.

మందు ఖరీదైనదేమీ కాదు. బాష్ షెల్‌లో వేరియబుల్ పేరు చుట్టూ ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టి, పేరు చివర కోలన్, ప్రశ్నార్థకం రాస్తే చాలు. అది ఖాళీగా ఉన్ననాడు స్క్రిప్ట్ అక్కడికక్కడే ఆగిపోతుంది. కొందరు పెద్దలు స్క్రిప్ట్ మొదట్లో సెట్ మైనస్ యు అని రాసి మీసం మెలేస్తారు. అది అసలు పుట్టని వేరియబుల్‌ను పట్టుకుంటుంది గానీ, పుట్టి ఖాళీగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. స్టీమ్‌రూట్ రెండో జాతిది. పైథాన్‌లో అయితే 2014లో 3.4 వెర్షన్‌తో పాటే దారుల కోసం పాత్‌లిబ్ అనే లైబ్రరీ వచ్చింది. స్క్రిప్ట్ తానెక్కడుందో తానే చెప్పగలదు. అక్కడి నుంచి ఫోల్డర్‌కూ ఫోల్డర్‌కూ మధ్య ఒక స్లాష్ పెట్టి అతుక్కుంటూ పోతే విండోస్, లినక్స్ రెండింట్లోనూ నడుస్తుంది. (తగిలించే ముక్క మొదట్లోనే స్లాష్ ఉంటే ముందున్నదంతా చెత్తబుట్టలోకి పోతుంది, జాగ్రత్త.) అయినా బోర్డు మీద లెనోవో చెక్కుచెదరలేదు. నవీన సిలబస్ అని కరపత్రంలో వేస్తారు. మారినది కరపత్రం రంగు.

ఈమధ్య కొత్త ఫ్యాషన్ ఒకటి మొదలైంది. స్క్రిప్ట్ నెత్తిన బేస్ అని ఒక వేరియబుల్ పెట్టి, అందులో లెనోవో డెస్క్‌టాప్ దారి మొత్తం రాసి, కింద నలభై చోట్ల మళ్లీ ఆ దారే చేత్తో రాస్తారు. అడిగితే "వేరియబుల్ వాడాం కదా" అంటారు. వాడారు, దండ వేసి గోడకు తగిలించారు.

కాబట్టి గురువుగారూ, ఒక్కటే విన్నపం. ఫైళ్ల పాఠం చెప్పే రోజున మీ ల్యాప్‌టాప్ మూసేయండి. వెనక వరసలో కూర్చున్న ఆ హెచ్‌పీ అమ్మాయి సిస్టమ్ మీద మీ ప్రోగ్రామును ఒక్క అక్షరం మార్చకుండా నడిపి చూపించండి. ఆ తరవాత దారి తాలూకు వేరియబుల్‌ను ఖాళీ చేసి, ఇంకోసారి నడిపి చూపించండి. రెండూ గట్టెక్కిన రోజునే ఫీజు రెండో వాయిదా అడగండి.