మా రోజుల్లో ఆ సంతకం ఊరికే పడేది కాదు

మా రోజుల్లో నర్సింగు పిల్లకు పని వచ్చిందో లేదో తేల్చేది హెడ్ సిస్టరే. గుర్రపువాతంతో వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వాలంటే సూది గుచ్చడం వస్తే చాలదు. మోకాలు తట్టి చూశావా, కాలు కదిలిందా? శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదు కదా? నాలుగు గంటలుగా మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తక్కువ కాకుండా వస్తోందా? కాల్షియం గ్లూకోనేట్ చేతికందేలా పెట్టుకున్నావా? ప్రతి డోసు ముందూ ఇవన్నీ అడక్కుండానే చేసి చూపించాలి. ఇవాళ చేస్తే సరిపోదు, రేపు ఇంకో పేషెంటు దగ్గర మళ్లీ చెయ్యాలి. అప్పుడుగానీ సంతకం పెట్టి ఒంటరిగా వదిలేవారు కాదు.

ఇప్పుడు ఆ సంతకాలకి లాగ్ బుక్ ఉంది. పరీక్షల ముందు వారం కూర్చుని నింపుతారు, సంతకాలన్నీ ఒకే సిరాతో వరసగా పడిపోతాయి. చార్టుల్లో చూడండి, వార్డులో అందరి శ్వాసా 20! నిమిషం నిండా లెక్కపెట్టిందెవరు? నాడి చూసిన చెయ్యి వదలకుండానే ఛాతీ గమనించమని మాకు నేర్పారు. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే పేషెంటు తీరే మారిపోతుంది మరి.

కొత్త పరీక్షల్ని తిట్టను. స్కాట్లండ్‌లో హార్డెన్ 1975లో లోకానికి చెప్పిన ఆస్కీ (OSCE) పరీక్షా పద్ధతి మంచిదే. అందరికీ అవే స్టేషన్లు, అదే చెక్‌లిస్టు. మొహం చూసి మార్కులేసే పెద్దలు మా కాలంలోనూ ఉండేవారు, వాళ్లకిది సరైన మందు. కానీ పరీక్షలో పెట్టే బొమ్మకు కాన్పయ్యాక నడుము కింద రక్తం మడుగు కట్టదు. ఇద్దరు ఒకేసారి పిలిస్తే ముందెవరి దగ్గరికి వెళ్లాలో, రాత్రి రెండింటికి డాక్టర్ని ఏ క్షణాన లేపాలో ఆ కొద్ది నిమిషాల స్టేషన్‌లో తేలదు. సొంతంగా డ్యూటీ చెయ్యగలదనడానికి నాకు ఆ తెలివే గుర్తు.

మా రోజుల్లో నేర్పే పేరుతో మాచేత చాకిరీ చేయించుకున్న మాట నిజమే. ఇప్పటికీ మారిందేముంది? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన బీఎస్సీ సిలబస్‌లో ఎనిమిదో సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్పే: 22 వారాలు, వారానికి 48 గంటలు. బంగారంలాంటి సమయం! దాన్ని స్టాఫ్ కొరత పూడ్చుకోవడానికి వాడుకుంటే నాకు కడుపు మండిపోతుంది. ఆ వారాల్లో ప్రతి పిల్లకూ నైట్ డ్యూటీలో పేషెంట్లను అప్పగించండి. సంతకం పెట్టే ట్యూటరు ఆ రాత్రి అదే వార్డులో ఉండాలి, పొద్దున డ్యూటీ అప్పగించేదాకా ఉండాలి.