ఫ్లాషన్న

నంద్యాలలో పెళ్ళయినా, ఆళ్లగడ్డలో గృహప్రవేశమైనా పురోహితుడి కంటే ముందు దిగేది ఫ్లాషన్నే. అసలు పేరు ఆధార్ కార్డులో ఉంటుంది, దాంతో ఊరికి పనిలేదు. ఈ రెండూళ్ల మధ్య సుమారు 40 కిలోమీటర్లు బండి మీద తిరిగేటప్పుడు కెమెరా సంచిలో ఊగుతుంటుంది. ఫ్లాషు మాత్రం చొక్కా లోపల, గుండెకు ఆనించి ఉంటుంది.

ఆయన సిద్ధాంతం ఒక్కటే: ఎంత వెలుగు కొడితే అంత మంచి ఫోటో. తలంబ్రాల వేళ ఎదురుగా నిలబడి ఫెళ్లున కొడతాడు. పెళ్ళికూతురి ముఖం సున్నం వేసిన గోడ. ఆమె వెనకాల, అసలు గోడ మీద, మేనత్త నీడ మేనత్త కంటే లావుగా పడుతుంది. ఆ ఫోటో చూసినప్పటి నుంచి మేనత్త ఆయనతో మాట్లాడదు.

గ్రూపు ఫోటో సంగతి వేరు. రెట్టింపు దూరంలో నిలబడ్డవాడికి నాలుగో వంతు వెలుగే అందుతుంది, అది ప్రకృతి ధర్మం. ముందు వరుస సోఫాలో నాయకుడు ధగధగలాడతాడు, వెనక వరుసలో కట్నం సర్దిన మేనమామకు అమావాస్య. ఇందులో ఫ్లాషన్న కుట్రేమీ లేదు, ఊరి ధర్మమూ ప్రకృతి ధర్మమూ కలిసొచ్చాయంతే. అహోబిలం పార్వేట ఉత్సవంలో స్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంటే, రాత్రి పూట జనం వెనక నుంచి కొడతాడు. ముందున్న నాలుగు బట్టతలలు దేదీప్యమానంగా వస్తాయి, స్వామి చీకట్లోనే ఉండిపోతాడు. సాయంత్రం నల్లమల కొండలకు కూడా ఫ్లాషు కొట్టే మనిషికి ఇదొక లెక్కా!

మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ళ కింద నల్లటి నీడలు పడినప్పుడు ఫ్లాషు నిజంగా పనికొస్తుంది. సరిగ్గా అప్పుడే ఆపేస్తాడు. "ఇంత ఎండుంటే సెల్లులు దండగ గదప్పా!"

ఫ్లాషు తల పైకి తిప్పి తెల్లటి సీలింగుకు కొడితే వెలుగు పరుచుకుని మెత్తగా దిగుతుందని ఎవరో చెప్పారట. మరుసటి పెళ్ళిలోనే తిప్పాడు. పైనున్నది ఎర్ర షామియానా. గుడ్డ రంగంతా కిందికి దిగి వధూవరులు, పంతులు, పందిట్లో పాపలు అందరూ కుంకుమలో మునిగి తేలారు. ఆ దెబ్బతో తల మళ్ళీ ముందుకే తిరిగింది.

ఆయనకు ఎదురుపడ్డ నిజమైన గురువు ఆళ్లగడ్డ శిల్పి. అక్కడ రాతిశిల్పం పేరుమోసిన విద్య. అమ్మకానికి ఫోటోలు కావాలని పిలిస్తే, ఫ్లాషన్న నల్లరాతి వినాయకుడికి ఎదురుగా కొట్టాడు. బొజ్జ మాయం, తొండం మాయం, నడుమన తెల్ల చుక్కొకటి. శిల్పి నవ్వలేదు. బల్బు తెచ్చి విగ్రహానికి పక్కగా పట్టుకున్నాడు. "ఇట్ల పక్కనుంచి పడితేనేప్పా ఉలి పని కనపడేది." నిజంగానే తొండం మడతలు, వేళ్ల గోళ్లు ఒక్కొక్కటే లేచాయి. ఫ్లాషన్న అంతా చూసి, తలాడించి, "మీ బల్బుకు పవరు చాల్దు సామీ" అన్నాడు.

మీ ఇంట్లో శుభకార్యముంటే అడ్వాన్సు చేతిలో పెట్టేటప్పుడే చెప్పండి: పైన తెల్ల సీలింగుంటే ఫ్లాషు అటు తిప్పమని, రంగు షామియానా అయితే తిప్పొద్దని, గ్రూపు ఫోటోలో మేనమామను ముందు వరుసలో కూర్చోబెట్టమని. మొదటి రెండూ ఆయన వినకపోవచ్చు. మూడోది మీరే చేసుకోవచ్చు.