ముసురునాటి సందేశం: టీకా తాత్పర్యం

మూలం: “పిన్నీ, వాన తగ్గేలా లేదు. ఇంట్లో ఎంతసేపని కూర్చుంటారు, ఏదైనా చూసి రండి. నాకు ఆఫీసుంది.”

అవతారిక: శ్రావణ మాసం. విజయవాడ నుంచి పిన్నీ బాబాయీ హైదరాబాదు వచ్చారు. గోల్కొండ, చార్మినార్, ట్యాంక్‌బండ్ అని కాగితం మీద వరసగా రాసుకుని మరీ వచ్చారు. తెల్లారేసరికి ముసురు పట్టింది. పొద్దున పదింటికి అక్కకొడుకు దగ్గర్నుంచి పై సందేశం వాట్సాప్‌లో దిగింది. మేఘసందేశానికి ‘సంజీవని’ వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొల్చారం. మేఘమూ సందేశమూ రెండూ ఉన్నాయి కాబట్టి ఆయన దారిలో నడవడమే ధర్మం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఇక్కడ మొదటి సగానికి మాత్రం పూచీ.

ప్రతిపదార్థం: వాన = ముసురు; తగ్గేలా లేదు = బాల్కనీలోంచి చూసి తేల్చినది; ఎంతసేపని కూర్చుంటారు = మూడోసారి కాఫీ కలిపే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు; రండి = సాయంత్రానికి, అంతకుముందు కాదు; నాకు ఆఫీసుంది = కారు రాదు.

టీక: ‘వాన’ అన్నచోట ముసురనే అర్థం చెప్పుకోవాలి, కుండపోత అనకూడదు. ముసురుకు గొడుగు చాలు. కుండపోతకు గుమ్మం దాటకపోవడమే శాస్త్రం. ఈ ఊళ్లో ఇబ్బంది నెత్తిన పడే నీళ్లతో కాదు, రోడ్డు మీద నిలిచే నీళ్లతో. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు ఆ వరద తర్వాత కట్టినవే. అయినా 2020 అక్టోబరులో కాలనీలు మునిగాయి. అలాంటి రోజున ఇంట్లో మిరపకాయ బజ్జీలే దర్శనీయం.

‘ఏదైనా’: సందేశానికి ప్రాణం ఈ మాటలోనే ఉంది, ప్రమాదమూ ఇందులోనే ఉంది. వానలో గోల్కొండ పచ్చగా ఉంటుంది కదా, అదే చూస్తే పోలేదా అని పూర్వపక్షం. పచ్చదనం నిజమే. కానీ బాలాహిస్సార్ దాకా వందల మెట్లు, అవన్నీ తడి రాళ్లు, పిన్నికి మోకాళ్ల నొప్పులు. ట్యాంక్‌బండ్ దగ్గరి లుంబినీ పార్కు నుంచి హుసేన్‌సాగర్ నడుమనున్న బుద్ధుడి విగ్రహం దగ్గరికి పడవలో పోదామన్నా గాలివాన లేస్తే పడవ కదలదు. కనుక కప్పు ఉన్న చోటనే సిద్ధాంతం.

‘ఏదైనా మాల్‌కి వెళ్లి రండి’ అని ఒక పాఠాంతరం ఉంది. విజయవాడలోనూ మాల్స్ ఉన్నాయి కాబట్టి అది ప్రక్షిప్తమని తోసిపుచ్చాలి.

కప్పులన్నింటిలో పెద్దది సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా పోగేసిన సరుకుతో 1951లో ఆయన దివాన్ దేవిడీలోనే తెరిచారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా తడవకుండా రావచ్చు, అక్కడి నుంచి ఆటో.

లోపల జనమంతా చేరేది గడియారం ముందు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారిది. ఒక బుల్లి కమ్మరి సెకనుకో సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటాడు. గంట కావడానికి కాస్త ముందు గడ్డం మనిషొకడు తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి వెళ్తే ఎక్కువ గిట్టుబాటు. ఆ క్షణంలో పిల్లలూ పెద్దలూ ఫోన్లు పైకెత్తుతారు. వెనకవాళ్లకు గడియారం బదులు ఫోన్లే కనిపిస్తాయి. ముందే వెళ్లి చోటు చూసుకోవడం మేలు.

తర్వాత రెబెకా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడు, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నాడు. మొహం మీది మేలిముసుగు కూడా పాలరాయే, దాని వెనక కళ్లూ ముక్కూ తెలుస్తూనే ఉంటాయి. గడియారం చూసినవాళ్లలో సగం మంది దీని ముందు నిమిషం కూడా నిలబడరు. అన్యాయం.

‘చూసి’ అంటే ఒక్కటి చూసి. సాలార్‌జంగ్, బిర్లా ప్లానెటేరియం, పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీ మూడూ ఒకే పూట ముగిద్దామనుకుంటే ఆ పూట ట్రాఫిక్ దర్శనమే అవుతుంది.

తాత్పర్యం: చుట్టాలు పన్నెండులోపు మ్యూజియం చేరి, సాయంత్రం ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తిని, అక్కకొడుకు ఆఫీసు ముగిశాక ఇల్లు చేరవలెనని భావం.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్య శుక్రవారం నాడు ఫలించదు. సాలార్‌జంగూ, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియమూ రెండూ ఆ రోజు మూసే ఉంటాయి.