ఆ చప్పుడు నాదే

కొత్త ఫ్యాను బెల్టును మరీ బిగువుగా లాగిన రోజునే నా బేరింగుకు ఆయుష్షు తగ్గింది. బెల్టు కీచుమంటోందని డైనమోను ఇంకాస్త బయటికి నెట్టి బోల్టు బిగించేశారు. కీచు ఆగింది, అందరూ సంతోషించారు. ఆ లాగుడంతా నా షాఫ్ట్ మీద పడింది.

నేను అంబాసిడర్ కారు వాటర్ పంపును. పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో తయారైన కారు మాది. 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఇంగ్లండు వాళ్ల బీఎంసీ నమూనా. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా మా కారు విజయవాడలో పెళ్లిళ్లకు ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇంజనుకు ముందు, రేడియేటర్‌కు వెనక ఉంటాను. నా షాఫ్ట్‌కు ఒక చివర నీళ్లలో తిరిగే రెక్కల చక్రం, రెండో చివర పుల్లీ, పుల్లీ మీద ఫ్యాను. రేడియేటర్ అడుగున చల్లారిన నీటిని లాగి ఇంజను బ్లాకులోకి తోసేదీ, రేడియేటర్‌లోంచి గాలి లాగేదీ ఆ ఒక్క షాఫ్టే. పెట్రోలు మండి పుట్టిన వేడిలో దాదాపు మూడో వంతు నీళ్ల దారిలోనే బయటికి పోవాలి. నేను ఆగితే కాసేపట్లోనే టెంపరేచర్ ముల్లు పైకి ఎగబాకుతుంది, హెడ్డు గ్యాస్కెట్ కాలుతుంది. చూడ్డానికి చిన్న వస్తువునే గానీ ఇంజను ప్రాణం నా తిరుగుడు మీద ఉందని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మే నెల ఊరేగింపు ఒక్కటి చూడండి. ఎండ దిగినా రోడ్డు వేడి దిగదు. గ్రిల్లుకు అడ్డంగా బంతిపూల దండలు, లోపలికి గాలి దూరే సందు ఉండదు. ముందు బ్యాండు మేళం, వెనక పెళ్లికొడుకు, కారు అడుగులో అడుగు వేస్తూ నడుస్తుంది. రోడ్డు మీద పరుగెత్తే కారుకు ఎదురుగాలి సాయం ఉంటుంది. ఇక్కడ అదీ లేదు, ఇంజను ఐడ్లింగులో ఉంటుంది కాబట్టి నా వేగమూ తక్కువే. అలాంటి రాత్రుల్లో ఆ దండలను బానెట్ మీదికి జరిపే డ్రైవరంటే నాకు ఎనలేని గౌరవం.

నీళ్లకూ బేరింగుకూ మధ్య నాకో సీలు ఉంది. అందులో నున్నటి కార్బను ముఖం ఒకటి స్ప్రింగు ఒత్తిడికి ఎదుటి ముఖాన్ని అంటిపెట్టుకుని ఉండి, నీటిని అవతలికి రానివ్వదు. అది అరగడం మొదలైతే ఒకటీ అరా చుక్కలు దాటుతాయి. ఆ చుక్కలు బేరింగులోకి పోకుండా కింద కారిపోవడానికే నా పొట్ట కింద ఒక చిన్న రంధ్రం పెట్టారు. నాలో ఏం జరుగుతోందో బయటికి చెప్పే సాక్షి అదొక్కటే. మా డ్రైవరు అక్కడ తుప్పు రంగు చార చూసి ఒక షెడ్డులో చూపిస్తే, రంధ్రాన్ని లప్పంతో మూసేశారు. కారడం ఆగిందన్నారు. నీళ్లు వెళ్లే దారి లేక బేరింగులోకి మళ్లాయి, గ్రీజు కొట్టుకుపోయింది. నా జీవితంలో ఇంతకన్నా పెద్ద అన్యాయం మరొకటి జరగలేదు.

దానికి తోడు బోరు నీళ్లు. మన వైపు కూలెంటు చలి దేశాల వాళ్లకే అనుకుంటారు. దానిలోని మందు తుప్పు పట్టనివ్వదు, సగానికి సగం కలిపితే మరిగే స్థానం కూడా ఆరేడు డిగ్రీలు పెరుగుతుంది. ఉప్పు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు ముక్కలే వచ్చి నా సీలును గీరుతాయి.

అలా మొదలైంది నా చప్పుడు. తిరగలిలో నూకలు పడ్డట్టు గరగర. ఇంజను వేగం పెంచితే అదీ పెరిగేది. ఇంజను ముందు భాగంలో నేను, డైనమో, టైమింగ్ చైన్ పక్కపక్కనే ఉంటాం. ఇనుములో శబ్దం పాకిపోతుంది, ఎక్కడ పుట్టిందో చెవి ఒక్కటే తేల్చలేదు. అదే షెడ్డులో డైనమో బేరింగు మార్చి డబ్బు తీసుకున్నారు. గరగర అలాగే ఉంది.

చివరికి ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లారు.

"ఏం మార్చమంటావ్ మేస్త్రీ?" అన్నాడు డ్రైవరు.

"ముందు విననీ బాబాయ్."

మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టాడు, చొక్కా చేతులు పైకి మడిచాడు. తిరిగే ఫ్యాను దగ్గర వేలాడే గుడ్డ ఎంత ప్రమాదమో తెలిసిన మనిషి. ఇంజను స్టార్ట్ చేయించి బెల్టు లోపలి వైపు నాలుగు నీటి చుక్కలు చల్లాడు. చప్పుడులో మార్పు లేదు, కాబట్టి బెల్టు కాదు. ఫ్యానుకు దూరంగా పక్క నుంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన డైనమో మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. తర్వాత నా ఒంటి మీద ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత టైమింగ్ కవరు మీద.

ఇంజను ఆపించి, ఫ్యాను రెక్కలను ఎదురెదురుగా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాడు. షాఫ్ట్ ఆడింది. అక్కడితో చాలనుకోలేదు. బెల్టు తీసేసి ఇంకోసారి స్టార్ట్ చేయించాడు. "అరనిమిషమే, నీళ్లు తిరగవు," అని తన దగ్గర పనిచేసే కుర్రాడిని హెచ్చరించాడు. గరగర పోయింది. సన్నటి గలగల మాత్రం మిగిలింది. ఇంజను ఆగాక డైనమోను చేత్తో తిప్పాడు, నున్నగా తిరిగింది. నన్ను తిప్పితే ఇసుక నలిగినట్టు తగిలింది. అప్పుడు కింద పడుకుని లప్పం చూశాడు. ఒక్క మాట అనకుండా సన్న కమ్మీతో పొడిచి తీశాడు. ఎర్రటి నీళ్లు కారాయి.

నన్ను పారేయలేదు. నా పోత ఒళ్లు బాగుందని లేత్ వర్కుకు పంపి కిట్టు వేయించాడు: కొత్త షాఫ్ట్, బేరింగు, సీలు, రెక్కల చక్రం. "సుత్తితో కొట్టకండి, ప్రెస్సులోనే ఎక్కించండి," అని కుర్రాడితో మరీ మరీ చెప్పి పంపాడు. సుత్తి దెబ్బ పడితే కొత్త బేరింగు బిగించక ముందే పాడవుతుంది. హబ్బు ఎంత లోతుకు దిగాలో కొలిచే దించారు, ఎందుకంటే పుల్లీ ఒక్క పిసరు పక్కకు జరిగినా బెల్టు ఏటవాలుగా నడిచి మళ్లీ నా ప్రాణమే తీస్తుంది.

తిరిగి బిగించాక బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. అరంగుళం దిగింది. "ఇంతే ఉండాలి. అరిస్తే నా దగ్గరికి రా, నువ్వు బిగించకు," అన్నాడు డ్రైవరుతో. రేడియేటర్ కడిగించి కూలెంటు, డిస్టిల్డు వాటర్ సమంగా కలిపి పోశాడు.

స్టార్ట్ చేశారు. డ్రైవరు చెవి రిక్కించాడు. "ఇంకా ఏదో గలగలమంటోంది మేస్త్రీ, పంపు సరిగా కుదరలేదేమో?"

"అది టైమింగ్ చైన్ బాబాయ్, వదులైంది. బెల్టు తీసినప్పుడు కూడా వినపడింది కదా. ఈ పెళ్లిళ్లు అయ్యాక బండి వదిలిపెట్టు, కవరు విప్పి చూద్దాం. పంపుకు దానికి సంబంధం లేదు."