మోచేతిలో మెదడు

వైద్య పుస్తకాలను వెంటనే తిరగరాయించాలి. మెదడు పుర్రెలో ఉంటుందట! ఏ చౌరస్తాలోనైనా కాసేపు నిలబడి చూడండి. కొందరికి మోచేతిలో ఉంటుంది, కొందరికి పెట్రోలు ట్యాంకు మీద. లేకపోతే హెల్మెట్ అక్కడెందుకు తగిలిస్తారు? పోలీసాయన కనబడగానే అది గబుక్కున నెత్తికెక్కుతుంది, మలుపు తిరగ్గానే దిగిపోతుంది. పెట్టుకున్న బుద్ధిమంతుడూ పట్టీ బిగించడు, క్రాఫు నలుగుతుందని. బండి మీద నాలుగేళ్లు దాటిన ప్రతివాడికీ హెల్మెట్ ఉండాలంటుంది మోటారు వాహనాల చట్టం. వెనక కూర్చున్న ఇల్లాలికి ఆ అవయవమే లేదని మనం ఎప్పుడో తీర్మానించేశాం. హెల్మెట్ లేక 2022లో దేశంలో చనిపోయినవాళ్లు 50,029 మందని కేంద్ర ప్రభుత్వ నివేదిక. అందులో 14,337 మంది ఆ వెనక సీటు వాళ్లే.

కిందపడ్డవాడి చుట్టూ నిపుణులు మూగుతారు. ఒకాయన నోట్లో నీళ్లు పోస్తాడు. ఇద్దరు కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో కుక్కుతారు, మెడ సంగతి దేవుడెరుగు. మిగతావాళ్లు వీడియో శాఖ. వాడు లేచి టీ తాగితే "ఏం కాలేదు, గట్టి పిండం" అని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య చేరే నెత్తురు కొన్ని గంటలు మంచిగా మాట్లాడనిచ్చి మరీ పడగొడుతుందని వాళ్లకెవరు చెప్పాలి? అప్పుడిక పరుగు. స్కాన్ ఒక ఊళ్లో, న్యూరోసర్జన్ ఇంకో ఊళ్లో, వెంటిలేటర్ మూడో ఊళ్లో. స్పృహ కొలవడానికి గ్లాస్గో డాక్టర్లు 1974లోనే ఒక కొలమానం ఇచ్చారు, ఇప్పుడది 3 నుంచి 15 దాకా. మన కౌంటర్లో అడిగే అంకె వేరు, దానికి సున్నాలెక్కువ.

సర్కారుకు దయ లేకపోలేదు. ప్రమాద బాధితులకు లక్షన్నర దాకా నగదు రహిత వైద్యం 2025 మే నుంచి అమల్లో ఉంది, ఏడు రోజుల పాటు. దెబ్బతిన్న మెదడు ఎనిమిదో రోజున లేచి డ్యూటీకి వెళ్తుందన్న నమ్మకం కాబోలు. ఆ తర్వాత మూర్ఛలు, మతిమరుపు, అయినదానికీ కానిదానికీ మీదపడే కోపం ఇంటివాళ్ల వాటా. మాట నేర్పేవాళ్లు, జ్ఞాపకం సాధన చేయించేవాళ్లు జిల్లా ఆస్పత్రిలో దొరికితే అదృష్టమే. కాలు విరిగితే సిమెంటు కట్టు చూసి జాలిపడే ఆఫీసు, ఇతన్ని చూసి "మనిషి బాగానే ఉన్నాడుగా, పొగరెక్కింది" అంటుంది.

చివరి చికిత్స చుట్టాలది: "పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుంది." పిల్లనిచ్చేవాళ్లకు జాతకం, జీతం స్లిప్పు చూపిస్తారు. స్కాన్ రిపోర్టు మాత్రం బీరువాలో, బట్టల కింద.