గెలవనివాడి కథ

మా రోజుల్లో నూజివీడు తోటల్లో వేసవి కాపలా అంటే చేతిలో నవల ఉండాల్సిందే. రసాలు కోతకొచ్చేదాకా కుర్రాళ్లను పాకలో కూర్చోబెట్టేవాళ్లు. కోతుల్ని అదిలించడం, మళ్లీ పేజీ వెతుక్కోవడం. లైబ్రరీ పుస్తకం ఒక తోట నుంచి ఇంకో తోటకు తిరిగేది, అట్ట నిండా మామిడి సొన మరకలే.

‘అసమర్థుని జీవయాత్ర’ అలాగే వచ్చింది నా చేతికి. రాసిన త్రిపురనేని గోపీచంద్‌ది గుడివాడ దగ్గర అంగలూరు. 2022లో మమ్మల్ని ఏలూరు జిల్లాలో కలిపారు గానీ, ఆయన మా కృష్ణా జిల్లా మనిషనే ఇప్పటికీ అనుకుంటాను. ఆ నవల కథానాయకుడు సీతారామారావు ఘనకార్యమేదీ చెయ్యడు. వంశం పరువని ఉన్నదంతా కరగబెడతాడు, ఉద్యోగంలో కుదురుకోలేడు, ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడతాడు, చివరికి శ్మశానం దాకా వెళతాడు. పరువు కోసం తోటలమ్ముకున్నవాళ్లు మా చుట్టూ కూడా ఉండేవాళ్లు. వాళ్లు వీధిలో కనబడితే నవ్వేవాళ్లం. ఆ పుస్తకం చదివాక నవ్వలేకపోయాం. వాళ్ల లోపల ఎంత రణం జరుగుతోందో గోపీచంద్ చూపించాడు మరి!

ఇప్పటి పిల్లలకు ఆ నవల ఇస్తే మొదట అడిగేది, ‘‘చివరికి గెలుస్తాడా తాతయ్యా?’’ అని. గెలవడంటే పక్కన పెట్టేస్తారు. పుస్తకాల కొట్టుకెళితే విజయానికి మెట్లు, కోటీశ్వరులయ్యే మార్గాలు. ఓడినవాణ్ణి ఓపిగ్గా చూడటం ఎవరు నేర్పుతారు వీళ్లకు? నాకు కోపం పిల్లల మీద కాదు, ప్రతి పుస్తకానికీ ‘ఉపయోగం ఏమిటి’ అని అడగడం నేర్పిన పెద్దల మీద.

అలాంటి పుస్తకం అవసరం మా ఊళ్లోనే కనబడుతుంది. ఇక్కడ 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెటూరి బడుల్లో మొదటి మార్కులు తెచ్చుకున్న పిల్లలు వస్తారు. జీవితంలో మొదటిసారి వెనకబడ్డ రోజున వాళ్లలో ఒక పిల్లాడు ఏమనుకోవాలి? తనలాంటివాడు ఇంకొకడున్నాడని ఎవరు చెప్పాలి?

సీతారామారావు బరువనిపిస్తే ముందు రావిశాస్త్రి ‘అల్పజీవి’ ఇవ్వండి. భార్యకూ, బావమరిదికీ, ఆఫీసులో అందరికీ జడిసే గుమస్తా సుబ్బయ్య కథ. చిన్న పుస్తకమే. పరీక్షలయ్యాక, బంగినపల్లి కోతలు మొదలయ్యేలోపు పూర్తవుతుంది.